జడ్సన్ నాలుక

మైపాడు రోడ్డులో పెట్రోలు బంకు దాటాక ఎడమచేతి పక్క ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఉండాల్సిన బోర్డు లోపల గోడకు ముఖం పెట్టి నిలబడి ఉంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

అది జడ్సన్ షెడ్డు. నెల్లూరు నుంచి సముద్రం దాకా ఎవరి కారు సొట్టబడినా, ఎవరి కారు అడుగు తుప్పుపట్టి ఊడినా అక్కడికే తోసుకొచ్చేవాళ్ళు. జడ్సన్ టింకరు. అంటే సుత్తి పట్టుకొని వంగిన రేకును దారికి తెచ్చి, దాని మీద లప్పం పెట్టి, రుద్ది, రంగు వేసేవాడు. ఇంజను జోలికి పోడు. "గుండెకాయ సంగతి వేరే డాక్టరు చూసుకుంటాడు, నేను తోలు డాక్టర్ని" అనేవాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పనిమంతుడే గానీ నోరు మంచిది కాదు, ముఖ్యంగా అన్నం దగ్గర. భార్య మగ్దలీనమ్మ చేపల పులుసు పెట్టిన ప్రతిసారీ ఏదో ఒక వంక చెప్పకుండా ముద్ద మింగింది లేదు. ఉప్పు ఒక రవ్వ ఎక్కువ, చింతపండు పాతది, మామిడికాయలో పులుపు లేదు. "ఆ నాలిక దేవుడు ఆయనకిచ్చిన వరం కాదు, నాకేసిన శిక్ష" అనేది ఆమె.

ఇంట్లో ఎలా ఉన్నా, షెడ్డులో ఆ నాలుకే పెద్దదిక్కు.

సముద్రం పక్క ఊళ్ళలో కారుకు శత్రువు తుప్పు. తుప్పుకు తల్లి ఉప్పు. రంగు వేసే ముందు లప్పాన్నీ రేకునీ నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దాలి. ఆ నీళ్ళలో ఉప్పుంటే అది పోయి రంగు కింద దాక్కుంటుంది. ఎండాకాలమంతా పెద్దమనిషిలా ఊరుకొని, వానలు పడగానే చెమ్మ పీల్చుకొని పొక్కులై లేస్తుంది. షెడ్డు వెనక బోరు ఒకప్పుడు తియ్యటి నీళ్ళే ఇచ్చేది. చుట్టూ రొయ్యల గుంటలు తవ్వాక దాని బుద్ధి ఎప్పుడెలా ఉంటుందో దానికే తెలియదు. అందుకని జడ్సన్‌కు గురువు హజరత్తయ్య నేర్పిన పద్ధతి ఒకటుంది. బకెట్టు ముందు పెట్టగానే రెండు వేళ్ళు ముంచి, నాలుకకు రాసుకొని, కళ్ళు మూసుకొని, పక్కకు ఊస్తాడు. "కానీ" అంటే పని మొదలు. "పారబొయ్యి" అంటే ఆ నీళ్ళు పనికిరావు, టౌను నుంచి తెప్పించి డ్రమ్ములో పోసుకున్న మంచినీళ్ళు వాడాలి. ఆయన చూసిన నీళ్ళను ఇంకొకరు చూడడమనేది లేదు. పాస్టరుగారు ఆమెన్ అన్నాక ఇంకొకడు లేచి ప్రార్థన మొదలుపెడతాడా? ఇదీ అంతే.

ఆ బకెట్టు పట్టుకొని ఎదురుగా నిలబడేది కూతురు అబిగయీలు. ఇంట్లో అబీ. కాలేజీ చదువు మధ్యలో మానేసి, నాకు ఈ పనే కావాలని తండ్రి పక్కన వచ్చి నిలబడింది. ఆడపిల్లకు కార్ల షెడ్డులో ఏం పనని చర్చిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "మీ పిల్లోళ్ళు ముగ్గేస్తారు, మా పిల్ల లప్పమేస్తాది. చెయ్యి అదే గదా" అని జడ్సన్ వాళ్ళ నోళ్ళు మూయించాడు. నిజంగానే ఆ పిల్ల చెయ్యి అలాంటిది. కళ్ళు మూసుకొని అరచెయ్యి రేకు మీద జరిపితే, చూసేవాడి కంటికి ఆనని సొట్ట ఆమె వేళ్ళకు ఆనేది. ఈ ముక్క జడ్సన్ ఊరందరికీ చెప్పాడు, ఒక్క అబీకి తప్ప. ఎదురుగా మెచ్చుకుంటే పిల్లలు పాడవుతారని ఆయన నమ్మకం. అదేం నమ్మకమో.

కరోనా రెండో ఏడు జడ్సన్ మంచాన పడ్డాడు. బతికి లేచాడు గానీ నాలుక లేవలేదు. కారం మండేది, వేడి చురుక్కుమనేది, అంతే. తీపి లేదు, పులుపు లేదు, ఉప్పు లేదు. నెలకో రెణ్ణెల్లకో వస్తుందిలే అనుకున్నాడు. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. చూపు తగ్గిందని టింకరు చెప్పుకోవచ్చు, కళ్ళజోడు పెట్టుకుంటాడు. నాలుకకు జోడు ఎక్కడ దొరుకుతుంది?

గుట్టు దాచాలంటే అన్నం దగ్గర వంకలు మానాలి. మానేశాడు. ఏది పెట్టినా "బాగుండాది" అని తిని లేచేవాడు. మగ్దలీనమ్మ మొదట నమ్మలేదు, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆ తర్వాత ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ చీర కొంగు తలమీదికి లాక్కొని లేచి నిలబడింది. జ్వరంలో ప్రభువు తన భర్తను ముట్టాడనీ, నోరు మార్చాడనీ, ఇన్నేళ్ళ ప్రార్థన విన్నాడనీ చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. జడ్సన్ కూడా తలవంచుకొని స్తోత్రం అన్నాడు. ఏం చేస్తాడు, మింగలేడు, కక్కలేడు.

షెడ్డులో మాత్రం పద్ధతి మారలేదు. బకెట్టు రాగానే వేళ్ళు ముంచేవాడు, కళ్ళు మూసుకునేవాడు, ఊసేవాడు. కాలాన్ని బట్టి, నీళ్ళ రంగును బట్టి అంచనా వేసుకొని "కానీ" అనేవాడు. అనుమానం రాకుండా మధ్యమధ్యలో "పారబొయ్యి" అనేవాడు. ఎప్పుడూ డ్రమ్ము నీళ్ళే వాడితే పోయేదిగా అంటారేమో. పోయేది. కానీ ఎప్పుడూ డ్రమ్ము నీళ్ళే వాడే షెడ్డులో ఆయన నాలుకతో పనేముంది? ఆ మాట అబీ ఎక్కడ అడుగుతుందోనని భయపడ్డాడు. చిన్నాచితకా పనులు, ఒక డోరూ ఒక బంపరూ, అదృష్టం బాగుండి నెట్టుకొచ్చాడు.

అప్పుడొచ్చింది గూడూరు నుంచి లారీ మీద కాంటెస్సా.

దాని యజమాని నరేంద్రబాబు నిమ్మకాయల వ్యాపారి. కారు ఆయన తండ్రిది. ఆ రోజుల్లో తక్కిన కార్లన్నీ ముసలివాళ్ళలా మూలుగుతూ పోతుంటే ఇది అంత పొడుగు బానెట్టు ముందుకేసుకొని గుర్రుమంటూ పోయేదట. గూడూరులో దాన్ని దున్నపోతనేవాళ్ళు. తండ్రి పోయాక గోడౌనులో గోనెసంచుల కింద ఏళ్ళ తరబడి పడి ఉంది. అడుగు రేకు జల్లెడైంది. "దీంట్లో కూర్చుంటే మా నాయన పక్కన కూర్చున్నట్టుండాల జడ్సనూ. ఇంకేమీ వద్దు నాకు" అన్నాడు నరేంద్రబాబు.

ఆయన వెళ్ళాక జడ్సన్ కారు చుట్టూ ఒకసారి తిరిగి కూతురి వైపు చూశాడు.

"దీనికి రంగు గన్ను నువ్వే పట్టు మే" అన్నాడు.

అబీ అప్పటిదాకా మొత్తం కారుకు రంగు కొట్టింది లేదు. "బాగా రాకపోతే?" అంది.

"వస్తాది. ఇది బయటికి పోయిననాడు షెడ్డుకి బోర్డు కడదాం. జడ్సన్ అండ్ డాటర్. ఊరంతా అండ్ సన్స్ అని రాసుకొని మురిసిపోతన్నారు గదా, మనమూ మురుద్దాం."

ఆ పూటే అబీ బోర్డుకని ఒక మంచి రేకు ముక్క ఏరి పక్కన దాచుకుంది. ఆమెకు కావలసింది అదొక్కటే. తన చేతి పని తన పేరు మీద నలుగురూ పోయే రోడ్డులో కనబడాలి.

ఆ నెలలు ఆ తండ్రీకూతుళ్ళకు మంచి నెలలు. కారును ఎముకల దాకా విప్పారు. కుళ్ళిన రేకు కోసి కొత్త రేకు అతికారు. వెనక లైట్లూ మెరుపు పట్టీలూ ఎక్కడా దొరక్కపోతే చెన్నై పుదుప్పేటకు పోయి, పాత సామాన్ల కొట్లన్నీ గాలించారు. అబీ వచ్చీరాని అరవంలో బేరమాడుతుంటే జడ్సన్ వెనక నిలబడి నవ్వుకున్నాడు. రంగు అబీ ఎంచింది, నేరేడుపండు రంగు. మరీ నలుపు కాదూ అన్నాడు జడ్సన్. "ఎండలో చూడు నాయనా" అంది. నిజమే, ఎండలో పెడితే లోపలెక్కడో ఎర్రగా వెలిగేది.

ఆఖరి రుద్దుడు ఎండాకాలంలో పడింది. షెడ్డు వెనక ఎవరో కొత్తగా రొయ్యల గుంట తవ్వి ఉప్పుటేటి నీళ్ళు నింపారు. జడ్సన్ చూశాడు. డ్రమ్ములో నీళ్ళు అడుగంటాయి, ట్యాంకరు రాలేదు. అబీ బోరు నీళ్ళు బకెట్టుతో పట్టుకొచ్చి ఎప్పటిలాగే ఎదురుగా నిలబడింది. ఆయన వేళ్ళు ముంచాడు, నాలుకకు రాసుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. లోపల ఒక గొంతు ఆగరా అంటూనే ఉంది. కూతురు బకెట్టు బరువుకు ఒక పక్కకు వంగి, గన్ను పట్టబోతున్న సంతోషంతో ఆయన ముఖంలోకే చూస్తోంది.

"కానీ" అన్నాడు.

ఆ పిల్ల రోజంతా బకెట్టు తర్వాత బకెట్టు పోసి కారంతా రుద్దింది. ఆ నీళ్ళతోనే బోర్డు రేకును కూడా రుద్దింది. గాలిలో చెమ్మ లేని రోజు చూసి, శ్రీహరికోటలో రాకెట్టు లేని రోజు చూసి గన్ను పట్టింది. రాకెట్టు ఉంటే జనం బళ్ళేసుకొని బీచికి ఎగబడి రోడ్డంతా దుమ్ము లేపుతారు. కారు బయటికి పోయిననాడు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు, నరేంద్రబాబు నాలుగు చక్రాల కిందా తన కొట్లో నిమ్మకాయలే పెట్టి తొక్కించాడు. టీకొట్టు దగ్గర జనం లేచి నిలబడి చూశారు. నరేంద్రబాబు స్టీరింగును రెండు చేతులా నిమిరాడు. మంచిరోజు చూసి కడదామని బోర్డును లోపల పెట్టారు.

నవంబరులో వాయుగుండం పట్టింది. వాన వెలిసిన వారానికి కాంటెస్సా తిరిగొచ్చింది.

బానెట్టు నిండా, డోర్ల నిండా, అమ్మవారు పోసినట్టు పొక్కులు. నరేంద్రబాబు కేకలెయ్యలేదు. కారు దిగి పక్కన నిలబడ్డాడు. అబీ బానెట్టు మీద అరచెయ్యి పెట్టి వెంటనే తీసేసుకుంది. జడ్సన్ గోటితో ఒక పొక్కు చిదిపాడు, నీటిచుక్క ఊరింది. ముందురోజే చిట్లిన పొక్కుల చుట్టూ తెల్లగా సన్నటి పొర కట్టి ఉంది. జడ్సన్ కంటికి అది చాలు. కానీ అలవాటు చొప్పున ఆ చుక్క నాలుకకు రాసుకున్నాడు. సముద్రమంత ఉప్పు అయివుంటుంది. ఆయనకు తడి తెలిసింది, అంతే.

"ఉప్పా నాయనా?" అంది అబీ.

టీకొట్టు జనమంతా ఆయన నోటి వంకే చూస్తున్నారు. అవును అంటే, మరి ఆ రోజు ఎందుకు "కానీ" అన్నావని అడుగుతారు. అడిగితే నాలుక సంగతి చెప్పాలి.

"కాదు" అన్నాడు.

"మరేంది?" అన్నాడు నరేంద్రబాబు.

ఒక అబద్ధం ఒంటరిగా ఉండలేదు, తోడు కావాలి. "చెమ్మలో కొట్టినట్టుండాది పాప" అన్నాడు జడ్సన్.

నరేంద్రబాబు అబీ వైపు చూసి తల ఊపాడు. "నువ్వు కొట్టుంటే ఇట్టా అయ్యేది కాదు జడ్సనూ. నీ చెయ్యి నాకు తెలవదా. పోనీలే, చిన్నపిల్ల" అన్నాడు. తిట్టినా బాగుండేది. మళ్ళీ బాగు చేస్తామంటే వద్దన్నాడు. కారును తీసుకుపోయి గోడౌనులో అదే గోనెసంచుల కింద పెట్టించాడని తర్వాత తెలిసింది.

చెమ్మలో కొట్టలేదని అబీకి తెలుసు. కానీ తండ్రి నాలుక ఉప్పు కాదంది. ఆ నాలుకను ఆమె దేవుడి వాక్యం తర్వాత దేవుడి వాక్యంలా నమ్మింది. కాబట్టి తప్పు తన చేతిలోనే ఎక్కడో ఉండాలి. రేకు ముక్కలు తెచ్చి డ్రమ్ము నీళ్ళతో రుద్ది, ఎండలో ఒకటి, మంచులో ఒకటి, వానకు ముందు ఒకటి రంగు కొట్టి షెడ్డు వెనక వేలాడదీసింది. ఒక్కటీ పొక్కలేదు. "దేంట్లో తప్పు చేసినా నాయనా నేను?" అని అడిగింది. "ఒక్కోసారి అట్టా అవతాదిలే" అన్నాడు. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. దొరకని తప్పుతో ఏం చేస్తుంది ఎవరైనా? గన్ను కడిగి, పాతబట్టలో చుట్టి అటకమీద పెట్టింది. బోర్డును గోడవైపు తిప్పింది. నెల్లూరులో బట్టల షాపులో చేరి, హాస్టల్లో ఉంటూ ఆదివారాలు ఇంటికి రావడం మొదలుపెట్టింది. చీరలు మడతపెట్టే పని.

ప్రతి ఆదివారం జడ్సన్ ఈరోజు చెప్పేస్తాననుకునేవాడు. ఒక ఆదివారం చర్చిలో కూర్చొని, పాస్టరుగారు ఈ పూట ఉప్పు మీద ప్రసంగం ఎత్తుకుంటే అదే దేవుడి పిలుపనుకొని చెప్పేస్తానని మొక్కుకున్నాడు. పాస్టరుగారు రాబడిలో పదోవంతు ఇమ్మనే దశమభాగం మీద ఎత్తుకున్నారు. దేవుడు మనిషిని అంత తేలిగ్గా వదిలిపెట్టడు.

ఎండలు మళ్ళీ ముదిరాయి. మగ్దలీనమ్మకు బీపీ ఉందని డాక్టరు ఉప్పు మాన్పించాడు. ఆమె తన వరకు చిన్న గిన్నెలో విడిగా వండుకుంటోంది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక అబీ వడ్డించింది. తల్లి పెరట్లో కాళ్ళు కడుక్కుంటోంది. తండ్రికి అన్నం పెట్టి, చేతికందిన గిన్నెలోంచి పులుసు పోసింది. జడ్సన్ కలుపుకొని తింటున్నాడు.

"ఉప్పు సరిపోయిందా నాయనా?" అంది, ఊరికే, మాటవరసకు.

"సరిపోయింది. మీ అమ్మ చెయ్యి గదా" అన్నాడు.

మగ్దలీనమ్మ తుడుచుకుంటూ లోపలికొచ్చి గిన్నె చూసింది. "అయ్యో, నా గిన్నెలోది పోసినావా ఆయనకి? దాంట్లో ఉప్పు కల్లు కూడా ఎయ్యలా నేను" అంది.

జడ్సన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నవ్వేసి ఉంటే సరిపోయేది, నువ్వు తినేది నేనూ తినకూడదా అని ఉంటే సరిపోయేది. అలాంటి మాటలు ఆ నోట్లో వెయ్యి ఉండేవి ఒకప్పుడు. ఒక్కటీ రాలేదు. అబీ గిన్నెలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. తర్వాత తండ్రి ముఖం చూసింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"జొరం వచ్చినప్పట్నుంచి."

కాంటెస్సా వచ్చింది జ్వరం తర్వాతే. ఆ లెక్క వేసుకోవడానికి అబీకి ఎంతోసేపు పట్టలేదు. మగ్దలీనమ్మకు ఇంకో లెక్క తగిలింది. ఆమె గోడకు ఆనుకొని కూలబడింది. "దేవుడి ఎదట నిలబడి సాక్ష్యం చెప్పినానే నేను. ఒక్క మాట చెప్తే నీ నోరు పడిపోయేదా" అంది.

అబీ ఆమె వైపు చూడలేదు. "నన్నెందుకన్నావు నాయనా, చెమ్మలో కొట్టినానని?"

సిగ్గేసిందని చెప్పాలి. టీకొట్టు వాళ్ళ ముందు చిన్నబోలేక కన్నకూతుర్ని చిన్నబుచ్చానని చెప్పాలి. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు. ఇక్కడ ఉప్పు తండ్రి తిన్నాడు, నీళ్ళు ఆ పిల్ల తాగింది. ముద్దను కంచంలో వదిలేసి కూర్చున్నాడు.

"ఆయనకు ఫోన్ చెయ్యి" అంది అబీ. "నరేంద్రబాబు గారికి. నా చెయ్యి కాదని ఒక్క మాట చెప్పు. నాకింకేం వద్దు. గోడౌనుకు పోయి ఆ కారు రంగంతా గోకేస్తా, నేనే రంగు కొడతా. ఆయన రానిస్తే చాలు."

జడ్సన్ ఎడమచేత్తో ఫోన్ తీశాడు. అబీయే అందుకొని నంబరు నొక్కి, స్పీకరు పెట్టి మధ్యలో ఉంచింది. అవతల నిమ్మకాయల మార్కెట్టు గోల.

"బాబు గారూ, జడ్సన్ని."

"చెప్పు జడ్సనూ. బాగుండావా?"

"ఆ కారు సంగతి బాబు గారూ. దాంట్లో మా పిల్ల తప్పేం లేదు. అది ఉప్పునీళ్ళ వల్ల అయింది. నీళ్ళు నేనే చూసినా. నా నాలిక పోయింది బాబు గారూ, కరోనాలోనే పోయింది. ఎవురికీ చెప్పలా. పిల్ల చెయ్యి బంగారం." ఈ మాట అబీ ఎదురుగా ఆయన అనడం అదే మొదలు.

నరేంద్రబాబు మెత్తగా నవ్వాడు. నిజంగా మంచి మనిషి ఆయన, నవ్వులో కూడా ఎక్కడా వెటకారం లేదు.

"ఆ రోజు అందరి ముందరా పొక్కు చిదిపి నాలిక మీద పెట్టుకొని నువ్వే గదా కాదన్నావు. పిల్ల ఇల్లొదిలి పోయిందని నేనూ విన్నాలే, అందుకని ఇప్పుడు తప్పు నీ మీదేసుకుంటన్నావు. తండ్రివి, అట్నే ఉంటాదిలే. మా నాయన కూడా నా తప్పులన్నీ ఇట్నే మీదేసుకొనేవాడు. నేనేం మనసులో పెట్టుకోలా జడ్సనూ, ఆ పిల్లకి చెప్పు, బాధపడొద్దని. కారు ఉండనీలే, ఇంకెవరి చేతా చేయిస్తా నిదానంగా."

జడ్సన్ "కాదు బాబు గారూ" అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఫోన్ అప్పటికే ఆగిపోయింది.

మగ్దలీనమ్మ ఏడుస్తోంది. అబీ ఏడవలేదు. లేచి తండ్రి కంచం తీసి, చిన్న గిన్నెలో మిగిలిన పులుసు తల్లికి వడ్డించి, కంచం కడిగి బోర్లించింది. స్టూలు వేసుకొని అటకమీంచి గన్ను దించి సంచిలో పెట్టుకుంది.

"యాడికి మే?" అన్నాడు జడ్సన్.

"చెన్నైలో షెడ్లు ఉండాయి గదా. నేనెవరో తెలియని చోట చూసుకుంటా."

"నేను మళ్ళా చెప్తా ఆయనకి. గూడూరు పోయి చెప్తా. ఎదురుగా నిలబడి చెప్తా."

"ఎంతమందికి చెప్తావు నాయనా? ఇంక నువ్వేం చెప్పినా ప్రేమ అంటారు" అంది. ఆ మాట కోపంగా అనలేదు. చెప్పులేసుకొని బస్సుకు వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున జడ్సన్ షెడ్డు తెరిచాడు. ఎవరిదో చిన్న కారు డోరు ఒకటి పనికి ఉంది. బోర్డును తన వైపుకు తిప్పి చూశాడు. నేరేడు రంగు మీద తెల్లటి అక్షరాలు, అన్నిటి మీదా పొక్కులే. మళ్ళీ గోడవైపు తిప్పేశాడు. డ్రమ్ములో నీళ్ళు నిండుగా ఉన్నాయి. బకెట్టు ముంచి తెచ్చుకొని, ముందు పెట్టుకొని కూర్చున్నాడు. అలవాటు చొప్పున రెండు వేళ్ళు ముంచి, నాలుకకు రాసుకొని, కళ్ళు మూసుకొని, పక్కకు ఊశాడు. కళ్ళు తెరిచాక "కానీ" అని చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు.